అడుగున రెండు పొరలు

నవంబరు 4. పొద్దున్నుంచి ముసురు. బాత్‌రూమ్ కుళాయికి వాషర్ మార్చాను. ఇక కారదు.

అక్క కనుబొమ్మ మీది కుట్లు నిన్న తీశారు. చూడటానికి చెల్లెలు వచ్చింది. తడి గొడుగు గుమ్మం పక్కన ఆనించి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"అన్నయ్యా, సూటిగా అడుగుతున్నా. పోయిన నెలలో ఎన్నిసార్లు పడింది?"

"ఒక్కసారే. ఈ కుట్లు పడ్డప్పుడు."

అక్క కుర్చీలోంచి నా వైపు చూసింది. 

చెల్లెలు వాళ్ళ వీధి చివర ఒక హోమ్ చూసి వచ్చిందట. నర్సులుంటారు, ఆయాలుంటారు, శుభ్రంగా ఉంటుంది. "నేను రోజూ వెళ్ళి చూసుకుంటాను కదక్కా," అంది.

"నెలకోసారి ఇక్కడికి రావడానికే నీకు తీరిక దొరకదు. రోజూ వస్తావటే?"

"నీకన్నీ నవ్వులాటే."

"నవ్వక ఏం చెయ్యమంటావే? ఏడిస్తే మొహం వణుకుతుంది. తుడుచుకుందామంటే చెయ్యీ వణుకుతుంది."

వెళ్ళేటప్పుడు చెల్లెలు నన్ను గుమ్మం బయటికి పిలిచింది. "ఇంకొక్కసారి పడిందంటే తీసుకెళ్ళిపోతా. నీ మాట వినను, ఆవిడ మాటా వినను. తుంటి విరిగితే మళ్ళీ మంచం దిగదని డాక్టరు చెప్పాడు. నువ్వూ పక్కనే ఉన్నావు."

ఉన్నాను. విన్నాను.

ఈ వణుకు జబ్బులో కాలు ఉన్నట్టుండి నేలకు అతుక్కుపోతుంది. ఒళ్ళు మాత్రం ముందుకు వెళ్ళిపోతుంది. అందులో అక్క తప్పేం లేదు. తప్పు నేలది. ఇల్లంతా నున్నటి బండలు. నేల మార్చాలి.

నవంబరు 5. ముసురు. దుకాణంలో ఒక్క కాటా మాత్రమే రిపేరుకు వచ్చింది. స్ప్రింగు మార్చి ముల్లు సున్నాకు తెచ్చాను. మిగతా పొద్దంతా నేల గురించి ఆలోచించాను.

నవంబరు 6. వాన తెరిపిచ్చింది. గొడుగు పుల్ల సరిచేశాను. దుకాణం నుంచి వస్తూ ఫ్లోరింగ్ షాపులో ఆగాను.

తివాచీ పనికిరాదు. అక్క పాదాలు ఈడుస్తుంది, అంచు తగులుతుంది. చెక్క పలకలైతే సరిపోతాయి. ఒకదాని గాడిలో ఇంకొకటి దూరి బిగుసుకుంటుంది, మేకులతో పని లేదు. బండలకూ పలకలకూ మధ్య అండర్‌లే అని ఒక పొర పరుస్తారట. నేను వెళ్ళింది పలకల కోసం. తిరిగి వచ్చింది ఆ పొర గురించి ఆలోచిస్తూ.

షాపతను నాలుగు రకాలు చూపించాడు. సీసా బిరడాల కార్కు ఒకటి. నల్ల రబ్బరు. పల్చటి తెల్ల ఫోమ్. ఇంకోటి నీలం రంగు ఫోమ్, మందంగా ఉంది. నొక్కితే బొటనవేలు గుర్తు పడి, అది మెల్లగా పైకి లేచింది. చాలాసేపు దాన్నే నొక్కుతూ నిలబడ్డాను.

"కింద ఇంటివాళ్ళకి చప్పుడు వినపడకూడదా సార్?"

"కింద ఎవరూ లేరు. మాది గ్రౌండ్ ఫ్లోరే."

"మరి అంత మందం ఎందుకు?"

"మెత్తగా ఉండాలి."

"చిన్నపిల్లలున్నారా?"

"ఉన్నారు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

నాలుగింటిలోనూ ముక్కలు కోసి ఇచ్చాడు. ఒక పలక ముక్క కూడా.

నవంబరు 7. ఎండ. దుకాణానికి సెలవు. వంటింటి బల్ల కాలు ఊగుతుంటే చెక్కముక్క పెట్టి బిగించాను.

ముక్కల్ని పరీక్షించాను. నేను బతుకంతా చేసిన పని ఇదే. బరువు వేయడం, ముల్లు ఎంత ఊగిందో చూడటం. పాత ప్లాట్‌ఫారం కాటా ఇంటికి తెచ్చి, దాని మీద ఒక్కో ముక్కా పరిచి, పైన పలక పెట్టి, నడుమంత ఎత్తు నుంచి ఇసుక సంచి వదిలాను. కార్కు మీద ముల్లు గట్టిగా ఎగిరింది. రబ్బరు మీద కాస్త తక్కువ. నీలం ఫోమ్ మీద సగమే.

అక్క కుర్చీలోంచి చూస్తూ కూర్చుంది. "ఇసుకతో ఏం తెలుస్తుందిరా? నా తుంటి ఇసుకతో చేసింది కాదు. గుడ్డు వేసి చూడు."

గుడ్డు వేశాను. కార్కు మీద చితికింది. రబ్బరు మీదా చితికింది. తెల్ల ఫోమ్ మీదా అంతే. నీలం ఫోమ్ మీద ఒక పక్క బీటలు మాత్రమే వారింది. నీలం ముక్కను రెండుగా కోసి, ఒకదాని మీద ఒకటి వేసి, మళ్ళీ వదిలాను. గుడ్డు దొర్లి వెళ్ళి గోడ దగ్గర ఆగింది. పగల్లేదు.

"ఇక ఈ ఇంట్లో గుడ్లకి ఢోకా లేదు," అని అక్క నవ్వింది. నవ్వితే భుజాలు ఇంకా ఎక్కువ వణుకుతాయి. నేనూ నవ్వాను.

రెండు పొరలు. నీలం రంగుది.

నవంబరు 8. ఎండ. బండల మీద అరగజం ప్లాస్టిక్ కాగితం పరిచి నాలుగు వైపులా టేపు అంటించాను. కింద నుంచి చెమ్మ వస్తుంటే కాగితం లోపల చెమట పడుతుంది. చెమ్మ ఉంటే పలకలు ఉబ్బుతాయట.

అక్క టీ పెట్టుకోవడానికి వెళ్తూ ఆ కాగితం చుట్టూ తిరిగి వెళ్ళింది. పొద్దుటి టీ తనే పెడుతుంది. ఆ ఒక్క పనీ నన్ను ముట్టుకోనివ్వదు. కుర్చీ నుంచి పొయ్యి దాకా గోడ పట్టుకుని, మంచం కోడు పట్టుకుని, ఫ్రిజ్ పట్టుకుని వెళ్తుంది. నేను ఒక ఏరు దాటేలోపల ఆమె ఒక గది దాటుతుంది. చూస్తుంటే నా ఊపిరి ఆగిపోతుంది. అందుకని చూడను, పేపరు చదువుతాను.

నవంబరు 9. ఎండ. కాగితం పొడిగా ఉంది. తీసేసి టేపు గుర్తులు తుడిచాను.

వడ్రంగి కొలతలకు వచ్చాడు. టేపు లాగుతూ గది నాలుగు మూలలూ తిరిగాడు. గోడల వెంట వేలెడంత సందు వదలాలి, చెక్క ఉబ్బినా తగ్గినా దానికి చోటు ఉండాలి, ఆ సందును గోడ అడుగున బిగించే స్కర్టింగ్ పట్టీ కప్పేస్తుంది. ఇదంతా నేను ముందే చదివి ఉన్నాను. అండర్‌లే చూపించాను. నొక్కి చూసి, నా మొహం చూశాడు.

"పలకల కింద పరుపు వెయ్యరన్నా. చాప వేస్తారు. పల్చగా, గట్టిగా ఉండాలి. ఇది ఒక పొరే ఎక్కువ."

"రెండు వెయ్యాలి."

"రెండా? అడుగు పడ్డ చోటల్లా పలక కుంగుతుంది. కుంగినప్పుడల్లా గాడిలో దూరిన పలక నాలిక కదిలి కదిలి విరుగుతుంది."

"ఎన్నాళ్ళకి?"

"ఇద్దరే మనుషులు కాబట్టి ఒక ఏడాది ఆగుతుందేమో."

"చాలు."

అతను అక్క వైపు చూశాడు. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక దాన్ని ఇంకోదానితో నొక్కి పట్టుకుని ఉంది. అతని గొంతు తగ్గింది. "మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ రేపు విరిగితే నేను వేశానని ఎవరికీ చెప్పకండి. గాలివాన వేసిపోయిందని చెప్పండి."

నవంబరు 12. చలిగాలి. కిటికీ రెక్కకు గొళ్ళెం బిగించాను. సింకు దగ్గర అక్క కూర్చుండిపోయింది. మోచెయ్యి కమిలింది. పొడుగు చేతుల స్వెట్టర్ తొడిగాను. చెల్లెలు ఫోను చేసింది. బాగానే ఉందని చెప్పాను. బాగానే ఉంది.

నవంబరు 13. చలి. పలకల పెట్టెలు వచ్చాయి. తెచ్చిన వెంటనే వేయకూడదు. పరిచే గదిలోనే రెండు రోజులు పడుకోబెట్టాలి. గది గాలికి చెక్క అలవాటు పడాలి. పెట్టెలన్నీ గోడ వెంట పేర్చి, దుమ్ము తుడిచాను.

అక్క ఒక పెట్టె మీద కూర్చుంది. "నయం, చెక్కకైనా అలవాటు పడటానికి టైమిస్తున్నారు. ఈ జబ్బు నాకు ఒక్క రోజు కూడా ఇవ్వలేదు."

నవంబరు 15. చలి. ఉన్న సామాను వంటింట్లోకి చేర్చాను. అక్క కుట్టు మిషను పక్కింటివాళ్ళ వరండాలో పెట్టాను. యూనిఫారాలు కుట్టి నన్ను పెంచిన మిషను. ఇప్పుడు దాని మీద ఎవరూ కుట్టరు. నీలం షీట్లు నేనే పరిచాను. మొదటి పొర నిలువుగా, రెండోది అడ్డంగా, అంచులు ఒకదాని మీద ఒకటి రాకుండా. టేపు వేశాను. మోకాళ్ళ మీద గది ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాను. మోకాళ్ళు నొప్పి పెట్టలేదు. అంత మెత్తన.

నవంబరు 16. చలి. వడ్రంగి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, "ఇదేంటన్నా, సర్కస్ పెడుతున్నారా?" అన్నాడు. అయినా పని బాగా చేశాడు. వరుసకు వరుస సుత్తితో తట్టి బిగించాడు. గోడ దగ్గర కోతలు నీటుగా వచ్చాయి. పలకలు తేనెరంగు. సాయంత్రానికి గది వెలుగు మారిపోయింది.

సామాను సర్దాను. అక్క గుమ్మం దగ్గర నిలబడి మొదటి అడుగు వేసింది. వేసి, ఆగింది. రెండో అడుగు కోసం చెయ్యి చాచింది. నేను పట్టుకున్నాను.

"పడవలో నిలబడ్డట్టుందిరా."

"కొత్త కదా. అలవాటు అవుతుంది."

కుర్చీ దాకా నా చెయ్యి వదల్లేదు.

నవంబరు 17. చలి. టీ నేనే పెట్టాను. స్కర్టింగ్ అంచులకు మైనం రాశాను. అక్క ఈ రోజు కూర్చుండిపోలేదు.

నవంబరు 18. మబ్బు. టీ నేనే పెట్టాను. అలవాటు అవుతుంది.

నవంబరు 19. మబ్బు. టీ నేనే పెట్టాను.

నవంబరు 20. ఎండ. వంటింటి తలుపు కింద పలకకు తగులుతుంటే చిత్రిక పట్టాను. అక్క ఒక్కసారి కూడా కూర్చుండిపోలేదు. నాలుగు రోజులైంది. ముందే వేయించాల్సింది.

నవంబరు 22. ఎండ. కిటికీ అద్దాలు తుడిచాను. చెల్లెలు వచ్చింది.

గుమ్మంలోనే నోరు తెరిచేసింది. చెప్పులు లేకుండా గది చుట్టూ తిరిగింది, మడమల మీద ఎగిరి చూసింది. "అబ్బ! అన్నయ్యా, హోటల్లో ఉన్నట్టుంది. మా ఇంట్లో కూడా వేయిస్తావా?"

"మీ ఇంట్లో మేడ మీద వేస్తే కిందున్న మీ అత్తగారి నెత్తిన పడతావు," అంది అక్క.

"పడితే మెత్తగానే పడతానుగా!" ముగ్గురం నవ్వాం. ఈ ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వి ఎంత కాలమైందో.

"అక్కా, నిజం చెప్పు, పడుతున్నావా?"

"లేదే."

"ఒట్టు?"

"ఒట్టు. ఈ నేల వేశాక ఒక్కసారి కూడా పడలేదు."

అక్క అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పాల్సిన అవసరం రాలేదు. వెళ్ళేటప్పుడు చెల్లెలు గుమ్మం బయటికి పిలవలేదు. హోమ్ మాట ఎత్తలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "మంచి పని చేశావన్నయ్యా," అంది.

ఈ డైరీలో సంతోషం అని ఎప్పుడు రాశానో గుర్తు లేదు. ఈ రోజు రాస్తున్నాను.

నవంబరు 24. చలి బాగా ఉంది. టీ నేనే పెట్టాను. అక్క భోజనం కుర్చీలోనే. లేవక్కర్లేదని నేనే చెప్పాను.

నవంబరు 26. చలి. మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీ తెచ్చాను. ఈ చలిలో బాత్‌రూమ్ దాకా ఎందుకు? స్క్రూలు బిగించి, కాళ్ళకు రబ్బరు తొడుగులు వేశాను. అక్క దాన్ని చూసి మొహం తిప్పుకుంది. సాయంత్రం దాకా ముట్టుకోలేదు. తర్వాత వాడింది.

నవంబరు 28. టీ పెట్టాను. పక్కింటివాళ్ళు కుట్టు మిషను తీసుకెళ్ళమన్నారు. రేపు.

నవంబరు 30. మబ్బు, చలి. కుట్టు మిషను తెచ్చి కిటికీ పక్కన పెట్టాను. దాని బరువుకు అక్కడ పలకలు దిగి, అంచు కొద్దిగా లేచింది.

అక్కకు వ్యాయామం చేయించే అమ్మాయి సెలవులు అయిపోయి ఈ రోజు వచ్చింది. బూట్లు విప్పి రెండు అడుగులు వేసి ఆగిపోయింది. మడమతో నొక్కి చూసింది.

"ఇదేంటి అంకుల్, ఇలా దిగుతోంది?"

"అడుగున అండర్‌లే. రెండు పొరలు. గుడ్డు వదిలినా పగలదు."

"గుడ్లు ఎందుకు వదులుతారు?"

చెప్పాను. ఇసుక సంచి గురించి, కాటా గురించి కూడా. ఆ అమ్మాయి తల ఊపుతూ విన్నది కానీ, చూపు అక్క కాళ్ళ మీదే ఉంది.

"ఆంటీ, లేవండి. వంటింటి దాకా వెళ్ళొద్దాం."

"వద్దమ్మా."

"ఎందుకు? నాకు రోజూ టీ పెట్టి ఇచ్చేవారు కదా?"

"ఇప్పుడు వాడు పెడుతున్నాడు. చక్కెర ఎక్కువేస్తాడు, తాగుతావా?"

ఆ అమ్మాయి నవ్వలేదు. కిందికి కూర్చుని అక్క పిక్కలు పట్టి చూసింది. చంకల కింద చెయ్యి వేసి లేపింది. అక్క మోకాళ్ళు గడగడలాడాయి. అది జబ్బు వణుకు కాదు. నేను ఇంతకు ముందు చూడనిది. పలక కుంగింది, అక్క ఆ అమ్మాయి మెడ పట్టేసుకుంది, ఇద్దరూ కుర్చీలోకి ఒరిగారు.

"చివరిసారి ఎప్పుడు నడిచారు ఆంటీ?"

నేను చెప్పాను. "పడటం లేదు కదమ్మా. ఈ నేల వేసినప్పటి నుంచి ఒక్కసారి కూడా."

"అంకుల్, కాలు నేలకు తగిలిందో లేదో ఆంటీకి కాలే చెప్పాలి. గట్టి నేల మీద అది చెబుతుంది. ఇక్కడ ఏం తెలుస్తుంది? నేనే తూలుతున్నా."

"కానీ పడటం..."

"ఒరేయ్," అంది అక్క. "నేను పడటానికని నేల వేశావురా నువ్వు. నడవడానికి వెయ్యలేదు."

కోపంగా అనలేదు. ఒకప్పుడు కొలత తప్పిన చొక్కా చేతిలోకి తీసుకుని, చెయ్యి పొట్టిగా వచ్చిందని చెప్పేది. అలా చెప్పింది.

డిసెంబరు 1. పని ఏదీ చేయలేదు.

నవంబరు 12న సింకు దగ్గర అక్క పడింది. అక్టోబరులో చాలాసార్లు పడింది. కూర్చుండిపోలేదు, పడింది. పడి, లేచి, టీ పెట్టింది.

డిసెంబరు 2. చలిగాలి. వడ్రంగికి ఫోను చేశాను. "విరిగిందా అప్పుడే?" అన్నాడు. విరగలేదు, తీసేయాలి అన్నాను. వేరే ఇంటి పనిలో ఉన్నాడు. ముందు స్కర్టింగ్ ఊడదీయమనీ, చివరి వరుస నుంచి ఒక్కో పలకా ఏటవాలుగా ఎత్తితే గాడిలోంచి వచ్చేస్తుందనీ చెప్పాడు.

వంటింట్లో ఫోను పెట్టి వస్తుంటే గదిలో అక్క మాట్లాడుతోంది. చెల్లెలికి తనే ఫోను చేసింది.

"అది కాదే, అక్కడ నేల ఎలాంటిది? ... తివాచీలు లేవుగా? ... వరండాలో కూడానా? ... గట్టిగా ఉంటుందా? ... గోడకి పట్టుకోవడానికి కమ్మీ ఉందా? ... అయితే వస్తా."

ఫోను ఒళ్ళో పెట్టుకుని నన్ను చూసింది.

"తీసేస్తున్నాను అక్కా. రెండు రోజులు. కింద బండలు అలాగే ఉన్నాయి."

"తియ్యి. కానీ నేను ఆగలేనురా. రెండు వారాల్లో ఇంత పోయింది. ఇంకో రెండు రోజులంటే నాకు భయమేస్తోంది." తర్వాత అంది, "నీ మీద కోపం లేదు."

ఉంటే బాగుండేది.

డిసెంబరు 3. ఎండ. చెల్లెలు కారు తెచ్చింది. అక్కను గుమ్మం దాకా ఎత్తుకుని తీసుకెళ్ళాను. బరువు తగ్గింది. ఎంతో చెప్పగలను, చెప్పను. బట్టల సంచి చెల్లెలు పట్టుకుంది. "ఒక్కసారి కూడా పడలేదంది కదన్నయ్యా, మరి ఇప్పుడేమైంది?" అని అడిగింది. నేల బాగా లేదని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు.

డిసెంబరు 5. ఎండ. స్కర్టింగ్ ఊడదీశాను. పలకలు ఎత్తాను.

వడ్రంగి చెప్పింది నిజమే. నాలికలు విరిగాయి, ఏడాది కూడా ఆగలేదు. విరిగినవన్నీ ఒక దారిన ఉన్నాయి. నా మంచం నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి అక్క కుర్చీకి. అక్కడంతా నా అడుగులే. కుర్చీ నుంచి గోడ పట్టుకుని అక్క నడిచే వైపు ఒక్క పలక కూడా చెక్కుచెదరలేదు. షాపులో నుంచి అప్పుడే తెచ్చినట్టు ఉన్నాయి.

వాటి మీద కూర్చున్నాను. సాయంత్రమైంది.

డిసెంబరు 6. మబ్బు. నీలం షీట్లు చుట్టచుట్టి పెరట్లో పెట్టాను. బండలు కడిగాను. టేపు జిగురు గీకాను. ఇంకా గీకాలి.

డిసెంబరు 7. మబ్బు. పొయ్యి బర్నర్లు శుభ్రం చేసి హోమ్‌కు వెళ్ళాను. చెల్లెలు అప్పటికే అక్కడ ఉంది. రోజూ వస్తోందట. నిజంగానే వస్తోంది.

పొడుగాటి వరండా. నల్లటి గట్టి నేల, కాలు పెడితే చల్లగా తగిలింది. గోడ వెంట ఇత్తడి కమ్మీ. అక్క చక్రాల కుర్చీలో ఉంది. నడుముకు బెల్టు కట్టారు. బకిల్ కుర్చీ వెనక, చెయ్యి అందని చోట.

"ఇక్కడ నేల గట్టిదేరా," అంది. "కానీ దించరు."

ఆయాను అడిగాను. "పడితే మా ప్రాణం మీదికి వస్తుంది సార్. డ్యూటీలో ఇద్దరమే ఉంటాం. బెల్టు ఉంటే పడరు. వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా పడలేదు, చూడండి." ఆమెలో దాపరికం లేదు, చిరాకు లేదు. అక్క పెదవి తడి తుడిచి వెళ్ళింది. ఆమె చెప్పింది తప్పని నేను అనలేకపోయాను.

బెల్టు నేనే విప్పాను. అక్క కమ్మీ పట్టుకుంది, నేను అటువైపు పట్టుకున్నాను. లేచింది. మూడో అడుగు దగ్గర మోకాలు మడతపడింది. ఆయా పరిగెత్తుకొచ్చి మళ్ళీ కట్టింది.

బయటికి రాగానే చెల్లెలికి చెప్పాను. "ఇంటికి తీసుకెళ్తాను."

"పడుతుంది అన్నయ్యా!"

"పడుతుంది."

"తుంటి విరిగితే?"

"విరగొచ్చు."

"ఆ మాట ఎలా అనగలుగుతున్నావు?" చెల్లెలు ఏడ్చేసింది. రోడ్డు మీద, అందరూ చూస్తుండగా. "నీకేం, నువ్వు పక్కనే ఉంటావు. ఇంట్లో ఫోను మోగినప్పుడల్లా నా గుండె జారిపోతుంది. ఎప్పుడైనా అడిగావా నన్ను?"

అడగలేదు. ఎప్పుడూ తట్టలేదు. నేను చెప్పిన ప్రతి "బాగానే ఉంది" ఆమె నమ్మిందనే అనుకున్నాను.

"తీసుకెళ్ళు," అంది చివరికి. "కానీ నేను రాను. నేను చూడలేను."

డిసెంబరు 9. ఎండ. మిగిలిన జిగురు గీకాను. కమోడ్ కుర్చీ పక్కింటి పెద్దాయనకు ఇచ్చాను. అక్కను ఇంటికి తెచ్చాను. బండల మీద పాదాలు పెట్టి కళ్ళు మూసుకుంది. నడవలేదు. అలాగే కూర్చుంది.

డిసెంబరు 10. ఎండ. గోడకు పట్టుకోవడానికి కర్ర కమ్మీ బిగించాను. వ్యాయామం అమ్మాయి వచ్చింది. వంటింట్లోకి నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పింది. పోయింది అంతా తిరిగి రాదట. కొంత వస్తుందట. ఎంత అని అడిగాను. "అది కాటా మీద చూసేది కాదంకుల్," అంది.

డిసెంబరు 12. చలి. కమ్మీ చివర స్క్రూ వదులైతే బిగించాను. అక్క పడింది, మంచం దగ్గర. మోకాలు చీరుకుంది. కడిగి మందు రాశాను. చెల్లెలికి నేనే ఫోను చేసి చెప్పాను. ఏమీ అనకుండా పెట్టేసింది.

డిసెంబరు 13. చలి. మళ్ళీ పడింది. చెల్లెలికి చెప్పాను. "విన్నాను," అని పెట్టేసింది.

డిసెంబరు 15. ఎండ, కాస్త గాలి. చేసిన పని కింద రాస్తాను.

అక్క కుర్చీలో ఉంది, నేను బల్ల దగ్గర. ఇప్పుడే తలుపు ఎవరో కొట్టారు. రెండుసార్లు కొట్టి, ఆగి, "అక్కా" అన్నారు. చెల్లెలే. రానంది, వచ్చింది.

నేను కలం పెట్టి లేవబోయాను.

"నువ్వు కూర్చో," అంది అక్క. "నేను తీస్తా."

"అక్కా, తలుపు దగ్గర కమ్మీ లేదు."

"తెలుసు. రాసుకో నువ్వు."

రాస్తున్నాను. రాయకపోతే లేస్తాను. అక్క బయటికి గట్టిగా అరిచింది, "వస్తున్నానే, కంగారు పడకు!" కుర్చీ చేతుల మీద బలం వేసి లేచింది. కమ్మీ పట్టుకుంది. కాలు అతుక్కుంది. ఆగింది. వదిలింది. బయట చెల్లెలు తలుపుకు ఆనుకుని వింటున్నట్టుంది. కమ్మీ అయిపోయింది. అక్క గోడ మీద అరచెయ్యి పెట్టింది. గోడ కూడా అయిపోతుంది, అక్కడి నుంచి గొళ్ళెం దాకా ఏమీ లేదు. ఉత్త బండలే. చెయ్యి తీసింది. ఇప్పుడు